సర్వీసులో ఉంటూ ఐల్ట్స్ రాశాను: నా అనుభవం

నేను ప్రకాశం జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధించే స్కూల్ అసిస్టెంటును. ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా నా చదువంతా తెలుగు మాధ్యమంలోనే సాగింది. డీఎస్సీలో ఎంపికై, ఉద్యోగంలో స్థిరపడి, పిల్లలు కాస్త పెద్దవాళ్లయ్యాక, సైన్సు బోధన మీద విదేశంలో ఒక మాస్టర్స్ డిగ్రీ చేయాలన్న పాత కోరిక మళ్లీ తలెత్తింది. ఇలాంటి కోర్సులు అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఎక్కువగా ఏడాదిన్నర, రెండేళ్లు పడతాయి. బ్రిటన్‌లో ఒక్క ఏడాదిలో పూర్తవుతాయి. ప్రభుత్వోద్యోగికి ఫండమెంటల్ రూల్స్ అనే సర్వీసు నిబంధనల్లోని 84వ నియమం (ఎఫ్.ఆర్. 84) కింద దొరికే అధ్యయన సెలవు మామూలుగా ఒక విడతలో 12 నెలలకు మించదు కనుక, ఏ దేశమన్న విషయంలో నేను పెద్దగా ఆలోచించవలసిన అవసరం రాలేదు. దరఖాస్తు చేసిన విశ్వవిద్యాలయం నా డిగ్రీ మార్కులు, బీఈడీ, సర్వీసు సర్టిఫికెట్ చూసి షరతుతో కూడిన ప్రవేశపత్రం పంపింది. ఇంగ్లిష్ సామర్థ్యాన్ని కొలిచే ఐల్ట్స్ అకడమిక్ పరీక్షలో మొత్తం మీద 9కి 7.0 రావాలి, నాలుగు విభాగాల్లో ఏ ఒక్కటీ 6.5కి తగ్గకూడదు. అదీ ఆ షరతు.

ఈ షరతు అందరికీ ఒకేలా ఉండదు. డిగ్రీ స్థాయి కోర్సుల విషయంలో విద్యార్థి ఇంగ్లిష్‌ను ఎలా నిర్ధారించుకోవాలన్నది బ్రిటన్‌లో చాలావరకు విశ్వవిద్యాలయాలే తేల్చుకుంటాయి. అందుకే పన్నెండో తరగతి ఇంగ్లిష్‌లో మంచి మార్కులుంటే, అందులోనూ సీబీఎస్‌ఈ, ఐఎస్‌సీ వంటి బోర్డుల మార్కులైతే, కొన్ని చోట్ల వేరే పరీక్ష అడగరు. డిగ్రీ ఇంగ్లిష్ మాధ్యమంలో చదివినట్టు కళాశాల ఇచ్చే లేఖతో సరిపెట్టుకునే విశ్వవిద్యాలయాలూ ఉన్నాయి. నిన్నమొన్న చదువు ముగించుకున్నవారికి ఈ వెసులుబాట్లు అక్కరకొస్తాయి గానీ, ఎప్పటిదో ఇంటర్ మార్కుల జాబితా, తెలుగు మాధ్యమం డిగ్రీ చేతిలో ఉన్న సర్వీసు టీచరుకు పరీక్ష తప్ప వేరే దారి ఉండదు. దీన్ని నేను అన్యాయమని అనను. రోజూ ఇంగ్లిష్ మాధ్యమం తరగతికి పాఠం చెబుతున్నానన్న మాట నిజమే. కానీ మా పాఠ్యపుస్తకంలో ఒక పుట ఇంగ్లిష్‌లో ఉంటే, ఎదుటి పుటలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. పాఠానికి సిద్ధమయ్యేటప్పుడు నా కన్ను ముందుగా ఏ పుట మీదికి పోతుందో నాకు తెలుసు.

ఇంగ్లిష్ పరీక్షల గాలి మా బడికి అంతకుముందే సోకింది. 2023లో రాష్ట్ర ప్రభుత్వం టోఫెల్ నిర్వహించే అమెరికా సంస్థ ఈటీఎస్‌తో ఒప్పందం చేసుకుని, మూడో తరగతి నుంచే పిల్లలకు టోఫెల్ శిక్షణ మొదలుపెట్టింది. చిన్న తరగతులకు టోఫెల్ ప్రైమరీ, పై తరగతులకు టోఫెల్ జూనియర్. 2024లో ప్రభుత్వం మారాక ఆ కార్యక్రమం ఆగిపోయింది గానీ, 2023-24 విద్యాసంవత్సరంలో మాత్రం ఆ పీరియడ్ మా టైంటేబుల్లో ఉండేది. ఆడియో వినిపించి పిల్లల చేత జవాబులు గుర్తింపజేసిన టీచర్లలో చాలామందిమి అటువంటి పరీక్షను ఏనాడూ రాసి ఎరగం. పిల్లలకు శిక్షణ ఇచ్చేవాళ్లు ముందుగా తాము ఒకసారి ఆ పరీక్ష రాసి ఉంటే బాగుండేదని నాకు అప్పుడే అనిపించింది. ఐల్ట్స్ రాశాక ఆ అభిప్రాయం ఇంకా గట్టిపడింది.

పరీక్ష సంగతికి ముందు పాస్‌పోర్టు సంగతి చెప్పాలి. మన దేశంలో ఐల్ట్స్ రాయడానికి పాస్‌పోర్టే గుర్తింపు పత్రం. ఆధార్, ఓటరు కార్డు చెల్లవు. ఈ విషయం తెలియక మా ప్రధానోపాధ్యాయులు, “ముందు పరీక్ష పాసై రండమ్మా, పాస్‌పోర్టు అప్పుడు చూసుకుందురు గాని” అన్నారు. పాస్‌పోర్టు లేకపోతే హాల్లోకే రానివ్వరు సార్ అని చెబితే ఆయన ఆశ్చర్యపోయారు. ప్రభుత్వోద్యోగులు నిరభ్యంతర పత్రం వచ్చేదాకా ఆగాలని మా స్టాఫ్‌రూమ్‌లో అందరి నమ్మకం. అది తప్పనిసరి కాదు. పాస్‌పోర్టుకు దరఖాస్తు చేస్తున్నట్టు పై అధికారికి ముందస్తు సమాచార లేఖ ఇచ్చి, దాని నకలును దరఖాస్తుకు జతచేసే వీలుంది. నేను ఆ దారే పట్టాను. విదేశానికి వెళ్లేందుకు అనుమతి, అధ్యయన సెలవు మంజూరు అన్నవి వేరే ఫైళ్లు. అవి హెచ్‌ఎం దగ్గర బయలుదేరి, డిప్యూటీ డీఈఓ, డీఈఓ కార్యాలయాల మీదుగా పైకి పోవాలి. పాస్‌పోర్టు సంగతిని వీటితో కలిపి ఒకే అర్జీలో రాస్తే పాస్‌పోర్టు కూడా సెలవు ఫైలుతో పాటే నిలిచిపోతుంది. కాబట్టి తోటి టీచర్లు ఎవరడిగినా మొదట ఈ మాటే చెబుతున్నాను.

ఐల్ట్స్ 1989 నుంచి ఉన్న పరీక్ష. బ్రిటిష్ కౌన్సిల్, ఆస్ట్రేలియా సంస్థ ఐడీపీ, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం కలిసి నడుపుతాయి. భారతదేశంలో 2021 నుంచి నిర్వహణ మొత్తం ఐడీపీ చేతిలో ఉంది. రుసుము 17 వేల రూపాయలకు తక్కువ కాదు. వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం అని నాలుగు భాగాలు, ఒక్కోదానికి 9 దాకా బ్యాండ్లు, మధ్యలో అర బ్యాండ్లు. కంప్యూటర్ మీద రాస్తే ఫలితం కొద్ది రోజుల్లోనే వస్తుంది, కాగితం మీద రాసినవారికి సుమారు రెండు వారాలు పట్టేది. నేను కంప్యూటర్ పరీక్షనే ఎంచుకున్నాను. దానికి మరో కారణం కూడా ఉంది, అది తరువాత చెబుతాను. టైపింగ్ ఒక్కటే బెరుకు. హాజరు నమోదు దగ్గర నుంచి మధ్యాహ్న భోజనం లెక్కల దాకా టీచరు చేసే పనంతా ఫోన్ యాప్‌లలోకి పోయాక, మా వేళ్లలో చురుకుగా మిగిలినవి రెండు బొటనవేళ్లే. కీబోర్డు మీద నలభై నిమిషాలు ఆగకుండా రాయడం అలవాటు కావాలంటే సాధన చేయక తప్పదు. పరీక్షలో అక్షరదోషాలను ఎత్తిచూపే సదుపాయం ఏదీ ఉండదు, ఎన్ని పదాలు రాశామో మాత్రం తెర మీద కనిపిస్తుంది.

బడి వదిలాక సాయంత్రాలు ఆన్‌లైన్‌లో కోచింగ్ తీసుకున్నాను. తరగతిలో మిగతావాళ్లంతా ఇంజనీరింగ్ ముగించిన పిల్లలే. నన్ను చూసి కొత్తగా చేరిన టీచర్ననుకున్నారు. ఆ శిక్షణలో నాకు పనికొచ్చినవి నమూనా పరీక్షలే. వ్యాసానికి, గ్రాఫుకు, సంభాషణకు ముందే తయారుచేసిన వాక్యాలిచ్చి, ఖాళీల్లో విషయం నింపమనేవారు. ప్రశ్న ఏదైనా మొదటి పేరా మారదు. పరీక్షకులు కంఠతా పట్టిన వాక్యాలను సులువుగా పసిగడతారు, వాటికి విలువ ఇవ్వరు. పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌లో గైడ్ నుంచి దిగిన జవాబును మేము ఎలా గుర్తుపడతామో వాళ్లూ అలాగే గుర్తుపడతారు. అందువల్ల నేను కోచింగ్ నోట్సును పక్కనపెట్టి, ఏ బ్యాండుకు జవాబు ఎలా ఉండాలో చెబుతూ ఐల్ట్స్ వాళ్లు బహిరంగంగా ఉంచిన బ్యాండ్ వివరణలను ముందేసుకుని కూర్చున్నాను. మూల్యాంకన సూత్రాలను చదివి, దిద్దేవాడి కన్నుతో సొంత రాతను చూసుకోగలగడం టీచరుకు ఉన్న అసలైన అనుకూలత. ఇంజనీరింగ్ పిల్లలకు ఇంగ్లిష్ నాకన్నా ధారాళంగా వచ్చు. కానీ ఒక జవాబుకు ఆరు ఎందుకొచ్చిందో, ఏడు ఎందుకు రాలేదో విడదీసి చూసే ఓపిక వాళ్లలో కనిపించలేదు.

చదివే భాగంలో మూడు పెద్ద వ్యాసాలు, 40 ప్రశ్నలు, 60 నిమిషాలు. అందులో ఒక రకం ప్రశ్నలు నన్ను చాలా ఇబ్బంది పెట్టాయి. ఇచ్చిన వాక్యం వ్యాసాన్ని బట్టి ఒప్పా, తప్పా, లేక వ్యాసంలో ఆ ప్రస్తావనే లేదా అని తేల్చాలి. పరాగసంపర్కం మీదో వలస పక్షుల మీదో వ్యాసం వస్తే, ఆ వాక్యం ఒప్పో తప్పో నాకు వ్యాసం చదవకముందే తెలుసు. ఆ తెలియడమే అడ్డు. నాకు తెలిసిన విషయం వ్యాసంలో ఉందో లేదో వెతకడానికి బదులు, ఉందనుకునే ముందుకు సాగిపోవాలనిపిస్తుంది. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు పుస్తకంలో లేనిది మనం కలిపి చెబుతాం, మంచి టీచరు లక్షణం కూడా అదే. ఇక్కడ ఆ కలపడాన్ని పూర్తిగా మానుకోవాలి. సాధనలో సైన్సు వ్యాసాలకన్నా నాకేమీ తెలియని ఐరోపా వాస్తుశిల్పం మీది వ్యాసాల్లో ఎక్కువ మార్కులు వస్తుండేవి.

వినే భాగం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. 40 ప్రశ్నలు, ఒక్కసారే వినిపిస్తారు, బ్రిటన్, ఆస్ట్రేలియా, ఉత్తర అమెరికా ఉచ్చారణలు కలగలిసి వస్తాయి. రోజూ కాసేపు వినడం అలవాటు చేసుకుంటే చెవి దారిలో పడుతుంది. అంకెలు, వీధుల పేర్లు, ఒక్కొక్క అక్షరం చెప్పి రాయించే ఇంటిపేర్లు సులువనుకుంటాం గానీ, జారిపోయేవి అవే.

మాట్లాడే పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు. మొదట ఇల్లు, ఊరు, ఉద్యోగం గురించి చిన్న ప్రశ్నలు; తరువాత ఒక కార్డు మీద విషయం ఇచ్చి, ఒక నిమిషం ఆలోచించుకోనిచ్చి, రెండు నిమిషాల దాకా ఆపకుండా మాట్లాడమంటారు; చివర ఆ విషయం మీదే లోతైన చర్చ. రోజుకు ఆరు పీరియడ్లు మాట్లాడేదానికి ఇదేం కష్టమని మా ఇంట్లో అందరూ అన్నారు. నిజానికి తరగతి గదిలో టీచరు మాట్లాడే ఇంగ్లిష్ బహు చిన్నది. కూర్చోండి, పుస్తకం తెరవండి, ఎవరు చెబుతారు, మళ్లీ చెప్పు, గుడ్. ఇవన్నీ ఆజ్ఞలు, ప్రశ్నలు. ప్రశ్న అడగడం మా వృత్తి, జవాబు చెప్పడం పిల్లల వంతు. పరీక్షలో ఆ స్థానాలు తారుమారవుతాయి. అడిగిన ప్రశ్నకు నా సొంత అనుభవాన్ని, నా సొంత అభిప్రాయాన్ని నాలుగైదు వాక్యాల్లో పెంచి చెప్పడం నాకు బొత్తిగా అలవాటు లేని పని అని నమూనా పరీక్షలో తేలింది. పైగా ఒకే మాటను మూడు రకాలుగా తిప్పి చెప్పడం, ప్రతి జవాబు చివరా ఇంగ్లిష్‌లో “అర్థమైందా?” అన్నట్టు ఆగి ఎదుటివారి ముఖం చూడడం. తరగతిలో ఇది అవసరం. పరీక్షకురాలు మాత్రం తల కూడా ఊపదు.

ఉచ్చారణ విషయంలో ఉన్న భయాల్లో సగం అనవసరమైనవి. ఇంగ్లండు యాసలో మాట్లాడమని ఎవరూ అడగరు. చెప్పింది శ్రమ లేకుండా అర్థం కావాలి, అంతే. మన తెలుగువాళ్లకు అడ్డొచ్చేవి వేరే ఉన్నాయి. మాట చివర ఉకారం తగిలించి బస్సు, రోడ్డు అన్నట్టే ఇంగ్లిష్ వాక్యంలోనూ అనడం, అచ్చుతో మొదలయ్యే మాటకు ముందు య, వ చేర్చి యెగ్జామ్, వోన్లీ అనడం, అన్ని అక్షరాలనూ ఒకే బరువుతో పలకడం. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ఫోటోగ్రాఫ్ అన్నప్పుడు ఊనిక మొదటి అక్షరం మీద, ఫోటోగ్రఫీ అన్నప్పుడు రెండోదాని మీద పడాలన్నది నేను డిగ్రీ దాకా ఏ తరగతిలోనూ వినలేదు. జీవశాస్త్రంలో నేను రోజూ పలికే పదాలన్నిటినీ నిఘంటువులో ఊనిక గుర్తులతో చూసుకుంటే, చాలావాటిని ఇన్నేళ్లుగా పిల్లలకు చదునుగానే నేర్పుతున్నానని తెలిసింది. ఈ ఒక్క మార్పు నా పాఠాల్లో ఇప్పటికీ నిలిచింది.

ఇక రాయడం. నాలాంటి టీచర్లు చాలామంది ఆగిపోయేది ఇక్కడే. మొదటి ప్రశ్నలో ఒక గ్రాఫో పట్టికో పటమో ఇచ్చి, కనీసం 150 పదాల్లో వివరించమంటారు. 20 నిమిషాలు అనుకోవాలి. సైన్సు టీచరును కాబట్టి గ్రాఫు చదవడం నాకు నీళ్లు తాగినంత పని. ఇబ్బంది రెండు అలవాట్ల వల్ల వచ్చింది. ఒకటి, గీత ఎందుకు పైకి పోయిందో కారణం చెప్పాలనిపించడం. ఈ ప్రశ్నలో కారణాలు అడగరు, కనిపించేది మాత్రమే చెప్పాలి. రెండోది, పట్టికలో ఉన్న ప్రతి అంకెనూ వదలకుండా రాయడం. బడి వివరాలన్నీ నింపి పంపే యూడైస్ ఫారంలో ఒక్క గడి ఖాళీగా ఉన్నా వెనక్కి పంపే వ్యవస్థలో పనిచేసేవాళ్లకు, ముఖ్యమైన అంకెలను ఏరుకుని మిగతావాటిని వదిలేయమంటే చేతులు రావు. ఏది ముఖ్యమో తేల్చి, మొత్తం బొమ్మ ఏమి చెబుతోందో ఒకటి రెండు వాక్యాల్లో పెట్టడమే ఈ ప్రశ్నకు ప్రాణం.

రెండో ప్రశ్న వ్యాసం. 250 పదాలు, 40 నిమిషాలు. మొదటి ప్రశ్నకన్నా దీనికి రెట్టింపు విలువ. ప్రశ్నకు తగిన సమాధానం, ఆలోచనల వరుస, పదసంపద, వ్యాకరణం అని నాలుగు ప్రమాణాలు, నాలుగింటికీ సమాన భారం. మా బడిలో ఇంగ్లిష్ బోధించే అక్క బెంగళూరులోని రీజినల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌లో శిక్షణ పొందినవారు. నా వ్యాసాలన్నీ ఆమె ఎర్ర సిరాతో దిద్దిపెట్టేవారు. తెలుగులో లేని ఆర్టికిళ్లు, చోటు తప్పిన ప్రిపొజిషన్లు, ఏకవచనానికి బహువచన క్రియలు, అన్నీ ఆమె కంట పడేవి. ఆ దిద్దుబాటు నా వ్యాకరణాన్ని నిజంగా బాగుచేసింది. అయినా నమూనా పరీక్షల్లో బ్యాండ్ కదల్లేదు. ఆమె దిద్దుబాటు, నా తంటాలు అన్నీ నాలుగో ప్రమాణం చుట్టూనే తిరుగుతున్నాయని, మొదటి ప్రమాణం జోలికి మేమిద్దరమూ పోలేదని బ్యాండ్ వివరణలను నా వ్యాసాల పక్కన పెట్టుకుని చూసినప్పుడు బోధపడింది.

ఏడో బ్యాండుకు కావలసిన ముఖ్య లక్షణం, రాసినవారి వైఖరి స్పష్టంగా ఉండి, వ్యాసం పొడుగునా నిలబడి, క్రమంగా పెరగడం. నా వ్యాసాల్లో వైఖరే లేదు. మనకు బడిలో నేర్పిన వ్యాసరచనలో ఉపోద్ఘాతం, లాభాలు, నష్టాలు, ముగింపు అని గదులుంటాయి. అన్ని గదులూ నింపి, చివర ఇరుపక్షాలకూ సమ్మతమైన ఒక మంచిమాటతో బయటపడతాం. ఒక అభిప్రాయాన్ని ఇచ్చి, దానితో ఎంతవరకు ఏకీభవిస్తారో చెప్పమని ఐల్ట్స్ అడిగితే, నేను దాని లాభాలు ఒక పేరా, నష్టాలు ఒక పేరా రాసి, ప్రభుత్వమూ ప్రజలూ కలిసి కృషి చేయాలని ముగించేదాన్ని. చదివినవారికి నేను ఏ పక్షమో తెలియదు. నిజం చెప్పాలంటే నాకూ తెలియదు.

దీని వెనుక ఉద్యోగ స్వభావం కూడా ఉందని నేననుకుంటున్నాను. 1964 నాటి ప్రవర్తనా నియమావళి కింద పనిచేసే ప్రభుత్వోద్యోగికి ప్రభుత్వ విధానం మీద సొంత అభిప్రాయాన్ని కాగితం మీద పెట్టడం అలవాటు లేని పని. మేము రోజూ రాసే ఇంగ్లిష్ ఒకటి ఉంది. పైన ఉదహరించిన విషయమునకు సంబంధించి తమరికి విన్నవించుకొనునదేమనగా అన్న ధోరణిలో సాగే అర్జీల ఇంగ్లిష్. అందులో మేము నిష్ణాతులం. ఆ భాషలో రాసేవాడు ఎంతగా కనిపించకుండా పోతే లేఖ అంత మర్యాదగా ఉన్నట్టు. ఇక్కడేమో విశ్వవిద్యాలయ విద్యకు ప్రభుత్వమే పూర్తి ఖర్చు పెట్టాలా, పరీక్షలు రద్దు చేయాలా అని అడిగి, నువ్వేమంటావో మొదటి పేరాలోనే చెప్పమంటారు. ప్రభుత్వ విధానం తప్పు అని మొదటిసారి ఇంగ్లిష్‌లో టైపు చేసినప్పుడు, ఇది ఎవరి కంటైనా పడుతుందేమోనని అనుమానంగా తెర వైపు చూశానంటే నవ్వొస్తుంది గానీ, అది జరిగింది.

పరీక్ష విజయవాడలో రాశాను. ఫోటో, వేలిముద్ర తీసుకుని, ఫోను, చేతి గడియారం, పర్సు బయటే పెట్టించారు. ఏటా పదో తరగతి పరీక్షల్లో పిల్లల జేబులు తడిమే ఇన్విజిలేటర్‌ను నేనే కనుక, నన్ను తడుముతుంటే కోపం రాలేదు. వినడం, చదవడం, రాయడం మధ్యలో విరామం లేకుండా వరసగా జరుగుతాయి. చుట్టూ ఉన్న పిల్లలు కీబోర్డు మీద టకటకలాడిస్తుంటే నాకు మొదట్లో కాస్త కంగారుగా ఉండేది, తరువాత ఆ చప్పుడు వినపడడం మానేసింది. మధ్యాహ్నం సంభాషణ. ఉపాధ్యాయురాలినని చెప్పగానే పరీక్షకురాలు ముఖంలో ఏ మార్పూ లేకుండా తరువాతి ప్రశ్నకు వెళ్లిపోయారు.

వినడంలో 7.5, చదవడంలో 7.5, మాట్లాడడంలో 7.0, రాయడంలో 6.0. నాలుగింటి సగటు సరిగ్గా 7.0. మొత్తం బ్యాండు షరతు తీరింది, రాతలో 6.5 ఉండాలన్న షరతు తీరలేదు. ఇటువంటి స్థితిలో మూడు దారులున్నాయి. ఆరు వారాల లోపు పునఃపరిశీలన కోరవచ్చు. బ్యాండు మారితే కట్టిన రుసుము తిరిగి ఇస్తారు. లేదా మొత్తం పరీక్ష మళ్లీ రాయవచ్చు. కంప్యూటర్ మీద రాసినవారికి మూడో దారి ఉంది: ఒక్క విభాగాన్ని మాత్రమే, మొదటి పరీక్ష జరిగిన 60 రోజుల లోపు, మళ్లీ రాయవచ్చు. కంప్యూటర్‌ను ఎంచుకోవడానికి మరో కారణం ఉందని పైన అన్నది ఇదే. పునఃపరిశీలన జోలికి నేను పోలేదు. నా వ్యాసం ఎక్కడ బలహీనంగా ఉందో నాకే తెలిసినప్పుడు, దిద్దినవారి మీద ఆశ పెట్టుకోవడంలో అర్థం లేదనిపించింది. అయితే ఒక్క విభాగం మళ్లీ రాసి తెచ్చిన స్కోరును అన్ని విశ్వవిద్యాలయాలూ ఒప్పుకోవు. డబ్బు కట్టే ముందే ప్రవేశాల విభాగానికి ఈమెయిల్ రాసి, ఒప్పుకుంటామన్న జవాబు చేతికి వచ్చాకే తేదీ ఖరారు చేసుకున్నాను.

ఈసారి సాధన పద్ధతి మార్చాను. నిండు వ్యాసాలు రాయడం తగ్గించి, రోజూ ఉదయం ప్రార్థన గంట కొట్టే లోపు ఒక ప్రశ్న తీసుకుని మూడే వాక్యాలు రాసేదాన్ని: నా వైఖరి, దానికి కారణం, మా బడి నుంచో మా ఊరి నుంచో ఒక ఉదాహరణ. ఆ ఉదాహరణే నాకు ఎక్కువ మేలు చేసింది. బడి మానేసి మిరప కోతకు పోయే ఆడపిల్లల గురించి, ఒకే గదిలో రెండు తరగతులు నడపడం గురించి రాయవలసి వచ్చినప్పుడు వైఖరి దానంతటదే వచ్చేది. కోచింగ్ నోట్సులో ఉదాహరణలన్నీ ఏదో విదేశీ విశ్వవిద్యాలయం చేసిన పరిశోధన అన్నట్టుగా ఉండేవి, వాటిలో సగం ఎవరో పుట్టించినవే. నాకు బాగా తెలిసినదాన్ని రాసినప్పుడు పదాలు కూడా సరిగ్గా కుదిరేవి. దిద్దిపెట్టే అక్కను కూడా ఎర్ర సిరా పక్కనపెట్టి, చదివి, నేను ఏమంటున్నానో ఒక్క వాక్యంలో తెలుగులో చెప్పమని అడిగేదాన్ని. ఆమె తడుముకుంటే ఆ వ్యాసం మళ్లీ రాయాల్సిందే. రెండోసారి రాతలో 6.5 వచ్చింది. మిగతా మూడు విభాగాల పాత స్కోర్లతో కలిపి కొత్త నివేదిక ఇచ్చారు. సగటు 7.125, దాన్ని దగ్గరి అర బ్యాండుకు సవరిస్తారు కనుక మొత్తం 7.0గానే ఉంది.

టీచర్ల విషయంలో ఈ పరీక్ష న్యాయమైనదేనా అని మా స్టాఫ్‌రూమ్‌లో చర్చ జరిగింది. ఎదుటివాడికి అర్థమయ్యేలా విషయం విప్పి చెప్పే నేర్పుకు ఇందులో ఒక్క మార్కు కూడా లేదన్న మాట నిజం. మాట్లాడే విభాగంలో కచ్చితమైన కనీస బ్యాండు పట్టుకుని కూర్చోవడం, ఏళ్ల తరబడి తరగతి గదిలో పనిచేసినవారి విషయంలో అంత అవసరం కాదని నా అభిప్రాయం. రాత విషయంలో మాత్రం విశ్వవిద్యాలయం పట్టుదల సబబే. ఆ కోర్సులో ప్రతి సబ్జెక్టుకూ వేల పదాల వ్యాసాలు, చివర ఒక పెద్ద పరిశోధన వ్యాసం రాయాలి. ఒకరి వాదాన్ని చదివి, దానితో విభేదించి, ఎందుకు విభేదిస్తున్నామో కాగితం మీద పెట్టలేనివారు అక్కడ ఆ ఏడాదంతా అవస్థ పడతారు. డబ్బు మాట ఎలాగూ ఉంది: కోచింగ్, పరీక్ష, మళ్లీ రాసిన విభాగం, ప్రయాణాలు కలిపితే సెకండరీ గ్రేడ్ టీచరుగా ఇటీవలే చేరినవారి నెల జీతానికి దగ్గరగా పోతుంది. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవెనింగ్ వంటి ఉపకార వేతనాలు రెండేళ్ల ఉద్యోగానుభవాన్ని అడుగుతాయి కాబట్టి సర్వీసులో ఉన్న టీచర్లకు నప్పుతాయి గానీ, వాటికి ఎంపికైనా విశ్వవిద్యాలయం పెట్టే ఇంగ్లిష్ షరతు తప్పదు.

కొత్త స్కోరు పంపగానే విశ్వవిద్యాలయం షరతుల్లేని ప్రవేశపత్రం ఇచ్చింది. దాన్ని జతచేసి అధ్యయన సెలవుకు పెట్టిన అర్జీ డిప్యూటీ డీఈఓ కార్యాలయంలో రెండు కొర్రీలు దాటుకుని, ఇప్పుడు డీఈఓ కార్యాలయంలో ఉంది. తిరిగివచ్చి సర్వీసులో కొనసాగుతానని రాసివ్వాల్సిన బాండు నమూనా అడిగారు, ఇచ్చాను. ఐల్ట్స్ స్కోరు రెండేళ్లు చెల్లుతుంది. ఈ సెప్టెంబరు లోపు సెలవు మంజూరు కాకపోతే, మళ్లీ పరీక్ష రాయనక్కర లేకుండా వచ్చే సెప్టెంబరు కోర్సులో చేరవచ్చని ప్రవేశాల విభాగం వారు ఈమెయిల్‌లో రాశారు. ఆ ఈమెయిల్ ప్రతిని కూడా ఫైలులో పెట్టించాను.